టేపమ్మ విప్పిన కుట్టు

"నవ్వకక్కా, నిజంగానే అన్నాను. 'నా కొలత తప్పిందంటే రేపు పొద్దున్న సూర్యుడు సెలవు పెట్టినట్టే' అని ఆ నర్సమ్మ మొహం మీదే అన్నాను."

టేపమ్మ నా సంచికి కొత్త జిప్పు వేస్తూ చెబుతోంది. మిషను పక్కన, ఇస్త్రీ చేసిన బట్టలు పెట్టే బుట్టలో ఏడు వారాల పాప పడుకుని ఉంది. మిషను ఆగితే కదులుతోంది, నడిస్తే నిద్రపోతోంది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు. మెట్ల కింద చిన్న గది, మిషను, నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల, ఇవే ఆమె రాజ్యం. మనిషి గుమ్మం దాటేలోపే నడుమెంతో చెప్పేస్తుంది. కంటితో కొలిచాక టేపు పెట్టేది ఎదుటివాళ్ళ తృప్తి కోసమే.

అంత గట్టి మనిషికీ ఒక వెలితి ఉండేది. పెద్దవాడు పుట్టినప్పుడు నెలన్నరకే రొమ్ములో పాలు గడ్డకట్టాయి. జ్వరం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు "ఆపెయ్యి, ఆపెయ్యి" అన్నారు, ఆపేసింది. వాడికిప్పుడు ఐదేళ్ళు. తలుపులెక్కి ఊగుతాడు, చెప్పులు నమలడం ఒక్కటే మానేశాడు. "వాడికేం లోటు లేదక్కా. లోటల్లా నాకే," అంది. అందుకే ఈసారి గట్టిగా అనుకుంది, పాప తనంతట తాను మొహం తిప్పుకునేదాకా పాలివ్వాలని.

దానికి కాన్పు ముందు నుంచే సన్నాహాలు మొదలుపెట్టింది. ఎనిమిదో నెలలో టేపు తీసి తన ఒంటికి తానే కొలతలు తీసుకుని, పాలివ్వడానికి వీలుగా లోపల వేసుకునే బాడీలు మూడు కుట్టుకుంది. ముందువైపు రెక్క ఇలా లాగితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. మిషను మీదికి వంగినా జారకుండా చంక కింద రెండు వరసల గట్టి కుట్టు వేసింది. వేసుకుని అద్దం ముందు నిలబడితే అచ్చు పోసినట్టుంది. అత్తగారు కూడా మెచ్చుకుంది. ఆవిడ మెచ్చుకోవడం అమావాస్యనాటి వెన్నెల లాంటిది.

పాపకు మూడో వారం వచ్చేసరికి ఎడమ రొమ్ములో, చంక వైపు, బాదం గింజంత గడ్డ తేలింది. పాప నోరు పెడితే సూది దిగినట్టుండేది. అత్తగారు చేతులు కడుక్కుని వచ్చి, చపాతీ పిండి పిసికినట్టు పిసికింది. టేపమ్మకు ఎదురుగా చుక్కలు కనిపించాయి. కుళాయిలు బాగుచేసే పని భర్తది. ఆయన గుమ్మంలోంచే సలహా పారేశాడు.

"పైపులో అడ్డు పడితే ప్రెషర్ పెంచాలి. అప్పుడు దానంతటదే పోతుంది."

"నేను మీ సింకుని కాదు," అని సూదుల దిండు విసిరింది. తగల్లేదు. ఆమె గురి కొలతల్లోనే.

రెండ్రోజుల్లో గడ్డ కరిగింది. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే తేలింది, ఉత్తరం రాయకుండా దిగే ఆడపడుచులా. మూడోసారి వెంట జ్వరాన్ని కూడా తెచ్చుకుంది. కోడలు పళ్ళు బిగించి పాలివ్వడం చూడలేక అత్తగారు పక్కన కూలబడింది.

"చాలించవే తల్లీ. పెద్దాడు డబ్బా పాలతో పెరగలేదా? నిన్నిలా చూడలేను."

తిడితే తట్టుకునేదే. ప్రేమగా అనేసరికి, ఈసారీ ఆపేస్తానేమోనని భయపడింది. మర్నాడు పొద్దున్నే పాపను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచింది.

అక్కడి నర్సమ్మ పొట్టి మనిషి. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని గదంతా వెతుక్కునే రకం. టేపమ్మ కళ్ళు మూసుకుని పిసకడం కోసం ఎదురుచూసింది. ఆవిడ పిసకలేదు, వేలి కొనతో తడిమి చూసిందంతే.

"పాలివ్వడం ఆపకు, ఎప్పట్లాగే ఇవ్వు. పాలు వచ్చే దారి చుట్టూ వాచింది, నలిపితే ఇంకా వాస్తుంది. ఖాళీ అవ్వాలని అదేపనిగా పిండకు, తోడేకొద్దీ ఊరుతుంది. పాలిచ్చాక చల్లటి గుడ్డ వేసుకో. ఈ జ్వరానికి మాత్ర ఇస్తాను. రేపటికి తగ్గకపోయినా, ఎరుపు పాకినా డాక్టరుగారి దగ్గరికి రావాలి, తెలిసిందా? సరే, ప్రతిసారీ ఇక్కడేనా?"

"అక్కడేనండీ. సుద్దతో గుర్తు పెట్టినట్టు."

నర్సమ్మ బాడీ వైపు చూసింది. "ఇదెవరు కుట్టారమ్మా?"

"నేనే. మీకూ కుట్టిపెట్టనా?"

ఆవిడ బాడీ అంచు పక్కకి లాగి చర్మం మీద పడిన ఎర్రటి గీతను చూపించింది. కుట్టు ఎక్కడ నడిచిందో గీతా అక్కడే నడిచింది. గడ్డ సరిగ్గా ఆ గీత మీదే కూర్చుంది. సూర్యుడి సెలవు మాట వచ్చింది అప్పుడే.

"కొలత ఎప్పుడు తీశావు?"

"ఎనిమిదో నెలలో."

నర్సమ్మ ఆమె మెడలో టేపే తీసి చుట్టింది. రెండున్నర అంగుళాలు తేడా.

"అక్కడే చచ్చిపోయాననుకో," అంది టేపమ్మ నాతో. "పాత కొలత మీద కొత్త గుడ్డ కొయ్యొద్దని వీధి వీధంతటికీ పాఠం చెప్పేది నేను. పాలు పడ్డాక ఒళ్ళు మారుతుందని నాకే తట్టలేదు."

ఇంటికొచ్చి భర్త వదులు చొక్కా తొడుక్కుని, కుట్లు విప్పే చిన్న కత్తితో మూడు బాడీలకీ ఆ రెండు వరసలూ తెగ్గోసింది. "అంత ముచ్చటైన కుట్టే," అని అత్తగారు నిట్టూర్చింది. భర్త మాత్రం తన విద్య వదల్లేదు.

"అంటే అడ్డు పైపులో లేదన్నమాట. పైపు మీద ఎవరో కాలేసి తొక్కారు."

"ఆ కాలు నాదేలెండి."

మర్నాటికి జ్వరం దిగింది. గడ్డ కరగడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు వారాలైంది, మళ్ళీ తొంగిచూడలేదు. బుట్టలోంచి పాప గుక్కపట్టింది. టేపమ్మ ఎత్తుకుని ఎడమవైపే పట్టించింది. ముఖంలో ఎక్కడా ముడత పడలేదు.

ఒక చేత్తోనే సంచి నా వైపు తోసింది. "జిప్పు లాగి చూసుకో. ఇంకో పనుందక్కా నీకు. మీ సందు మొదట్లో రొట్టెల కొట్టావిడ లేదూ, ఆమెకీ ఇలాంటి బాడీలే మూడు కుట్టాను, కడుపుతో ఉన్నప్పటి కొలతతోనే. పోయిన వారం కాన్పయింది. ఎలా ఉన్నాయని మా ఆయనతో అడిగిస్తే 'అచ్చు పోసినట్టున్నాయి' అని కబురు పంపింది. నా భయమంతా ఆ మాటకే. నువ్విప్పుడు అటే కదా వెళ్ళేది. మూడూ అడిగి పట్టుకురా, విప్పి వదులు చేసి ఇస్తాను. కుట్టు తప్పు నాదేనని చెప్పు. వాళ్ళత్తగారు వినేలా చెప్పు, లేకపోతే ఆవిడ పిసకడం మొదలెడుతుంది."