ఎర్రంకెల బాయిలర్

మా ఇంట్ల ఏ వస్తువుకైనా ఒంటి మీద కవరు ఉండాల్సిందే. కామారెడ్డిల మాది స్టీలు సామాన్ల దుకాణం. గల్లా దగ్గర బాపు కూర్చునే కుర్చీకి కొన్ననాటి ప్లాస్టిక్ కవరు అట్లనే ఉండె. ఎండకాలం ఆయన లేస్తే కుర్చీ కూడా కొంతదూరం వెంట వచ్చేది. మేం తినే పళ్ళాల నడుమ కంపెనీ కాగితం అంటుకొనే ఉండేది. పప్పన్నం తినంగ తినంగ అడుగున కంపెనీ పేరు తేలితే కడుపు నిండినట్టు లెక్క. కవరు చింపిన వస్తువు ఆ పూటకే పాతది, కవరున్నది ఎన్నేండ్లకైనా కొత్తదే, రేపు ఎవరన్న అడిగితే అమ్మొచ్చు. బాపు నేర్పిన వ్యాపారం ఇది. నేను మంచిగనే నేర్చుకున్న.

తొంభైలల్ల సంగతి. అవ్వకు, అంటే మా అమ్మకు, కంటి ఆపరేషన్ అయింది. పొయ్యి పొగ దగ్గరికి పోవద్దు, పోతే బాగుచేసిన కన్ను మళ్ల చెడుతదని డాక్టరు గట్టిగ చెప్పిండు. అదే నెలల మా చెల్లె కాన్పుకు వచ్చి ఆడపిల్లను కన్నది. పసిపిల్లకైనా బాలింతకైనా నీళ్ళు పోసుడంటే అవ్వ ఇంకొకరి చెయ్యి పడనియ్యది. బాలింత స్నానానికి గంగాళం నిండ నీళ్ళు కాగాలె. వంటింట్ల గ్యాస్ పొయ్యి మీద గంగాళం నిలవది. దొడ్లె స్నానాల గది పక్కన కట్టెల పొయ్యే గతి. మా ఇంటామె ముట్టిస్తనన్నా, పొగ పోయేది అవ్వ కూర్చున్న కాడికే. డాక్టరిచ్చిన నల్ల అద్దాలు పెట్టుకొని, నాకేం గాదని అవ్వ దొడ్డి దిక్కు నడుస్తుంటే నా పానం ఆగలే.

అప్పుడే తెలిసింది, దుబాయ్ నుంచి వచ్చిన ఒక భాయి ఎల్లారెడ్డిల గ్యాస్ బాయిలర్ అమ్ముతున్నడని. నల్లా తిప్పితే వేడినీళ్ళు, పొగ ఊసే లేదు. ఇగ పొయ్యి బందు అని అవ్వకు మాటిచ్చి బస్సెక్కిన.

బేరమంటే నాకు అన్నం కంటె ఇష్టం. భాయి ధర చెప్పంగనే పెట్టెను ఇటు తిప్పిన, అటు తిప్పిన. దాని మీది రాత మాకు తెల్వదన్న. రంగు మరీ తెల్లగున్నది, మాసిపోతదన్న. మా ఊరి నీళ్ళకు ఆగదన్న. భాయి అన్నిటికీ నవ్వి చాయ్ పోసిండు. చివరికి నా పెద్ద అస్త్రం తీసిన. వద్దు పో అని లేచి, వెనక నుంచి పిలుస్తడని బస్టాండు దిక్కు మెల్లగ నడిచిన. పిలువలే. ఇంకా మెల్లగ నడిచిన. మేకలు నన్ను దాటి పోయినయి. బస్సు వస్తే ఎక్కిన, కండక్టర్ టికెట్ అడిగితే దిగిన. తిరిగి పోయేసరికి భాయి నా గ్లాసుల మళ్ల చాయ్ పోసి పెట్టిండు.

చెప్పిన ధరకే కొన్న. అయినా కొసరు లేకుంటె నాకు ముద్ద దిగది. ఏదన్న ఇయ్యి భాయ్ అంటే, "చెడిపోతే నేనే వస్త సేట్, అదే కొసరు," అన్నడు. మాటను కొసరుగ ఇచ్చేటోణ్ని అప్పుడే చూసిన. పైగ అట్టపెట్టె, కవరు ఇక్కడ్నే వదిలిపెట్టు, బస్సుల తిప్పలైతదన్నడు. వదులుతనా? వాటిల్ల ఇంకో పాతదాన్ని పెట్టి కొత్తదని అమ్ముతడని నా అనుమానం. పెట్టె, కవరు, ఆఖరికి కట్టిన తాడు కూడా కామారెడ్డికి మోసుకొచ్చిన.

మిస్త్రీ వచ్చి కవరు ఊడదీసి, బాయిలర్‌ను దొడ్డి గోడకు బిగించిండు. నల్లా తిప్పితే లోపల భగ్గుమన్నది, నీళ్ళు కాగినయి. అవ్వ చెయ్యి పెట్టి చూసి, కట్టెల మోపును మూలకు జరిపింది. అంటే మెచ్చినట్టే. మిస్త్రీ పోయినంక నాకు మనసు ఒప్పలే. తెల్లటి వస్తువు, దొడ్లె దుమ్ము. కవరు కడిగి, ఆరబెట్టి, బాయిలర్‌కు అడుగు నుంచి సంచి తొడిగినట్టు తొడిగి నడుముకు తాడు బిగించిన. పైన పొగగొట్టం వేడెక్కుతది గద, పైభాగం మాత్రం వదిలిన. అంత తెలివి నాది.

తెల్లారి అవ్వ పిల్లను కాళ్ళ మీద పండుకోబెట్టుకొని నూనె రాసింది. నల్లా తిప్పిన. మంట లేచింది, ఎర్రబడ్డది, ఆరిపోయింది. బాయిలర్ ముఖం మీద చిన్న అద్దంల ఎర్రటి అంకెలు కొట్టుకున్నయి. పద్నాలుగు.

ఆపి మళ్ల పెట్టిన. పద్నాలుగు. సిలిండర్ మార్చిన. పద్నాలుగు. దాని పుస్తకం తీస్తే ఒక దిక్కు అరబ్బీ, ఇంకో దిక్కు బొమ్మలసొంటి రాత. జన్మల ఏ అంకెనూ చెప్పినకాడ నిలవనియ్యలే నేను. ఇది మాత్రం దిగుతలేదు. భాయి సామానుకు భాయి గుణమే వచ్చింది. ఎల్లారెడ్డి బేరం ముచ్చట మా ఇంటామెకు చెప్పుకున్నదే నా తప్పు. గడపల నిలవడి, "బస్టాండు దిక్కు నడువున్రి, పిలుస్తదేమో," అన్నది.

అవ్వ మాత్రం నవ్వలే. పిల్లను చెల్లె చేతికిచ్చి, పొయ్యిల కట్టెలు పేర్చవట్టింది. అగ్గిపెట్టె గుంజుకున్న.

"కన్ను నాది బిడ్డా. పచ్చి బాలింతకు సల్లనీళ్ళు పొయ్య," అన్నది.

ఆ పూటకు వంటింట్ల గిన్నెలతోని ఎట్లనో గడిపినం. రేపు పొద్దున ఇది పనిచెయ్యకుంటె పొయ్యి ముట్టిస్తనని అవ్వ తేల్చి చెప్పింది. అవ్వతోని బేరం బాపే ఎన్నడు చెయ్యలే.

పక్క దుకాణం నుంచి భాయికి ఫోన్ చేసిన. అంకె చెప్పంగనే, గాలి ఆడుతలేదు సేట్, ఏమన్న అడ్డం పెట్టినవా అని అడిగిండు. ఏం పెట్టలేదని ఒట్టేసిన. అబద్ధం గాదు. కవరు అడ్డమని నాకు తట్టనే లేదు. కవరంటే వస్తువుల భాగమే గద.

మర్నాడు పొద్దుగాల బస్సుకే భాయి దిగిండు. దొడ్లెకు వచ్చి బాయిలర్‌ను చూసిండు. తర్వాత అవ్వ దిక్కు తిరిగి అన్నడు:

"అమ్మా, మీ కొడుకు దీని ముక్కు మూసి ఉరుకుమంటున్నడు."

వంగి అడుగున చూపించిండు. గాలి గుంజుకునే జల్లెడ మీద నేను కట్టిన ప్లాస్టిక్ బిగదీసుకొని ఉన్నది. గాలి అందకుంట మండుతే ఇంట్లోళ్ళకే ముప్పట. అందుకే అది తనంతల తాను ఆపుకొని అంకె చూపిస్తున్నదట. చెప్పుకుంటనే తాడు విప్పవోయిండు.

"మెల్లగ భాయ్, చినుగుతది," అన్న.

అందరు నా దిక్కే చూసిన్రు. భాయి కవరును పెండ్లిచీర మడిచినట్టు మడిచి నా చేతుల పెట్టిండు. నల్లా తిప్పిండు. మంట నీలంగ నిలవడ్డది. అద్దంల ఏ అంకె లేదు. బస్సు కిరాయన్న తీసుకొమ్మంటే, కొసరుకు కిరాయేంది అన్నడు. ఇంకొంచెం కలిపి ఇస్తనన్న. వద్దన్నడు. ఇంకా కలిపిన. జన్మల మొదటిసారి ధర పెంచుకుంట బేరమాడి, అది కూడా ఓడిపోయిన. చాయ్ తాగి వెళ్లిపోయిండు.

ఆ పొద్దు దొడ్లె పొగ లేదు, ఆవిరే. అవ్వ పిల్లకు నీళ్ళు పోసి, తలెత్తి నన్ను చూసింది. అప్పుడు కనవడ్డది: ఆమె నల్ల అద్దాల మూలకు దుకాణపోడి గుండ్రటి కాగితం ఇంకా అంటుకొనే ఉన్నది. అడ్డమొస్తలేదా అవ్వా అని గిల్లవోతే తడిచేత్తోని నా చెయ్యి కొట్టింది.

"ఉండనియ్యిరా. కన్ను బాగైనంక ఎవలన్న అడుగుతరు."