బారుకు మిద్దె ఇచ్చిన మా జేజి

కాదు చిన్నాయనా, శవం లేవకముందే "అంత పేరున్న ఇంటిని బారు చేసి పాయ" అనేది యాడి న్యాయం? ఆడ నోరు మూసుకున్నా. ఈడ, మన ఫ్యామిలీ గ్రూపులో, మూసుకోను.

మా జేజి, మా నాయనకు అమ్మ, రంగమ్మ రెండు వారాల కింద ధర్మవరంలో పోయింది. బెంగుళూరు మెట్రోలో ఉండంగా ఈ గ్రూపులోనే చూసినా. ఒక దండం బొమ్మ, కింద నాలుగు మాటలు. దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా తెలీలే.

ఆ మిద్దె మా ముత్తాత కట్టిచ్చింది. ముందు పట్టుచీరల అంగడి, లోపల మగ్గాలు. తర్వాత కొన్నాళ్లు బడి, ఆనెక శెనక్కాయల గోడౌను. ఆఖరికి తాళం. అది చౌడు మిద్దె. పైన పరిచిన చౌడుమట్టి ఏటా వానలకు ముందు కొత్తది పోయాల, లేదంటే కారి కారి దూలాలు కుళ్లి కూలుతాది. మనలో ఒక్కరైనా తాళం తీసి చూసినారా? జేజినే బారుకిచ్చింది, ఏటా చౌడు పోపియ్యాలనే షరతు మీద.

నేను ఎగిరినా. "ఆడ తాగుతారు జేజీ!"

"తాగి పడినోడు లేసి ఇంటికి పోతాడు మే. పడిన మిద్దె లేస్తాదా?"

బారు నడిపే శేఖరన్న ఒకసారి సిమెంటు పోపిస్తానన్నాడంట. "వద్దప్పా, ఆ బరువుకు దూలాలు ఇరిగి నీ సీసాల మీదే పడతాయి" అనిందంట. చౌడు ట్రాక్టరు వచ్చే రోజు బారు మెట్ల మీదే కూర్చునేది. తాగేకి వచ్చినోళ్లు ఆమెను చూసి పక్క సందులోకి జారుకునేవాళ్లు. పిడికెడు మట్టి నలిపి, "ఇది ఇసక, ఎనక్కి పంపు" అనేది.

ఈ యేడు ఆస్పత్రిలో పడె. చౌడు సంగతి ఎవరం తలుసుకోలే. కర్మంతరం ముందురోజు వాన దంచింది. గొడుగు గూడా ల్యాకుండా పరుగెత్తినా. బార్లో అందరూ చూస్తాండగా ఫోన్ లైటు ఏసి దూలం దూలం చూసినా. ఒక్క చుక్క కారలే.

"జేజి ఆస్పత్రిలో ఉన్నప్పుడే పోపిచ్చినా పాపా" అన్నాడు శేఖరన్న. "నలిపి చూసే మనిషి ల్యాకపాయ. నేనే నలిపినా. ఒక ట్రాక్టరు ఎనక్కి పంపినా గూడా."

అప్పుడు ఊపిరాడింది నాకు. ఆడనే కుర్చీలో కూలబడి ఏడ్సినా, నవ్వినా.

జేజీ, నీ మాదిరి మొండిమనిషి మాకు ఇంగ దొరకదు. మిద్దె నిలబడింది, నిమ్మళంగా పో.

మన ఇంటిని మనకంటే బాగా చూసుకునేవాన్ని జేజి ఏరి పట్టుకునింది. కాదనే ధైర్యం మీలో ఎవరికుండాది?