మాస్టారు పెట్టిన ప్రశ్నార్థకం

క్షమించమని మా పాస్టరు గారు ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నారు. నేను తలూపుతూనే ఉన్నాను. ఇంటికొచ్చి పొయ్యి మీద కోడికూర ఉడికే లోపలే మాస్టారు గుర్తొస్తారు, ఒళ్లు మండిపోతుంది. ఇరవై ఏళ్లవుతోంది. ఇప్పటికీ ఆయన్ని ఏకవచనంలో తిట్టుకోలేను, అదొక దరిద్రం. టైపు నేర్పిన మనిషి మరి.

అనకాపల్లిలో నా ఈడువాళ్లు టైపు లోయరో హయ్యరో పాసయ్యారంటే చాలావరకు ఆయన చేతి కిందే. రోజూ ఎలమంచిలి నుంచి పాసింజరులో వచ్చేవారు. వెనక నిలబడి, "వేళ్లేటి చూత్తావమ్మా, కాగితం చూడు" అనేవారు. కంప్యూటర్లొచ్చాక టైపు మిషన్లకి దుమ్ము పట్టింది, ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. అదే రోజుల్లో, ఇనప ట్రంకు పెట్టెలు చేసి అమ్మే సాయిబుల కుటుంబంలో చదువుకున్న కొడుకు, తమ కొట్టు మేడ మీద ఇరవై కంప్యూటర్లు పెట్టాడు. మాస్టారిని సూపర్‌వైజరుగా పెట్టుకున్నాడు. మాస్టారు తన పాత శిష్యుల్లోంచే మనుషుల్ని ఏరుకున్నారు. నాది పద్నాలుగో నంబరు. నా పక్క కుర్చీలో పదిహేను, కె. కోటపాడు నుంచి బస్సులో వచ్చే పిల్ల.

పని ఏమిటంటే, విదేశాల వాళ్ల పాత పుస్తకాలు చెన్నై కంపెనీ మాకు పార్సిళ్లలో పంపేది. కింద వాటి కుట్లు కోసి స్కాన్ చేస్తారు. పైన మేము టైపు చేసి, ఇది అధ్యాయం పేరు, ఇది బొమ్మ, ఇది బొమ్మ కింది మాట అని ప్రతి ముక్కకీ గుర్తులు పెడతాం. దాన్నే ఎక్స్‌ఎంఎల్ అంటారు. ఏ గుర్తు ఎక్కడ రావాలి, ఏది తప్పకుండా ఉండాలి అన్న నియమాలన్నీ డీటీడీ అనే వేరే ఫైల్లో ఉంటాయి. మా ఫైళ్లలో ఆ నియమాలు ఉండవు. 'నా నియమాలు ఫలానా డ్రైవులో, ఫలానా ఫోల్డర్లో ఉన్నాయి' అని రెండో వరుసలో చిరునామా మాత్రం ఉంటుంది. తనిఖీ ప్రోగ్రాము ఆ చిరునామా చదువుకుని, వెళ్లి, నియమాలు తెచ్చుకుని, ఫైలుని పట్టి చూస్తుంది. తప్పులు సున్నా అని వస్తే మేము రిజిస్టర్లో సున్నా రాసి సంతకం పెట్టాలి.

మాకు వచ్చినవి వ్యవసాయం పుస్తకాలు. నాగళ్లూ, పురుగులూ, వేళ్లకి పట్టిన తెగుళ్లూ, అన్నీ బొమ్మలే. సగం బొమ్మల కింద ఏమీ రాసి ఉండదు. నియమం మాత్రం ప్రతి బొమ్మ కిందా మాట ఉండి తీరాలంటుంది. పుస్తకంలో లేకపోతే చెన్నైకి చీటీ పంపించి, వాళ్ల జవాబు వచ్చేదాకా అధ్యాయం పక్కన పెట్టాలి. మొదటి వారం అధ్యాయాలన్నీ అలాగే పేరుకుపోయాయి. మాస్టారు గడియారం చూడటం, మెడ రుద్దుకోవడం. సోమవారం వచ్చేసరికి ఒక్క అధ్యాయమూ ఆగలేదు, అన్నీ సున్నాలే. పని సులువైతే ఎందుకైందని ఎవరడుగుతారు? మేమూ అడగలేదు.

నమూనాగా మొదట చెన్నైకి వెళ్లింది నా పుస్తకం. నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. బొమ్మల కింద మాటలు లేవు, అసలు తనిఖీ చేశారా అని ఉత్తరం.

యజమాని రిజిస్టరు తెప్పించాడు. నా సంతకాలు, నా సున్నాలు. "సార్, నా మిషన్లో సున్నాయే వచ్చింది" అన్నాను. మాస్టారు నా వైపు చూడలేదు.

"తనిఖీ నొక్కుంటే తప్పులు చూపించేది సార్. ఈ పిల్ల నొక్కలేదు. నొక్కకుండానే సున్నా రాసేసింది" అన్నారు.

అందరి ముందూ అన్నారు. ఆ గదిలో సగం మందికి ఆయన నన్ను చూపించి 'అలా కొట్టాలి టైపు' అని చెప్పిన రోజులున్నాయి. గోడ మీద తెల్ల బోర్డు ఉండేది, తప్పు చేసినవాళ్ల నంబరు సాయంత్రం దాకా ఉంచి తుడిచేసేవారు. బోర్డు పెన్ను ఎండిపోతే మాస్టారు పార్సిళ్ల మీద అడ్రసులు రాసే ఎర్ర మార్కరు తీసుకుని పద్నాలుగు అని రాశారు. ఆ సిరా పోలేదు. మర్నాడు ఊడ్చే ఆవిడ తడిగుడ్డ పెట్టి ఎంత రుద్దినా పోలేదు. నన్ను కిందికి, పుస్తకాల కుట్లు కోసే పనికి పంపేశారు.

ట్రంకు పెట్టెలకి రంగులేసే చోటుకీ మా స్కానింగు గదికీ మధ్య చెక్క గోడ. రోజంతా రేకు దెబ్బలు, థిన్నరు వాసన. బ్లేడు పెట్టి పుస్తకాల వెన్ను కోస్తుంటే, దేవుడు నన్ను క్షమించాలి, నేను కోసినవన్నీ పుస్తకాల్లా అనిపించేవి కావు. దొంగతనం అంటగట్టినా ఊరుకునేదాన్నేమో. పని చెయ్యకుండా చేశానని రాసే మనిషినన్నారు. మా నాన్న ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో కాంపౌండరు, ఒక్క మాత్ర లెక్క తప్పని మనిషి. ఇంట్లో ఈ మాట చెప్పలేకపోయాను. నాకు కావలసింది ఒక్కటే: ఆ బోర్డు మీద నా నంబరు పోవాలి.

అంతకుముందెప్పుడో ఆరు నెలలు జావా అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాను, ఎక్కడా పనికి రాలేదు. ఇప్పుడు పనికొచ్చింది. స్కానింగు కంప్యూటర్లో సొంతంగా ఒక తనిఖీ ప్రోగ్రాము రాసి, తిరిగొచ్చిన నా అధ్యాయాన్నే దానికిచ్చాను. బొమ్మ కింద మాట లేదని నాకు కళ్లకి కనబడుతోంది. ప్రోగ్రాము మాత్రం తప్పులు సున్నా అంది.

అప్పుడు తట్టింది. నా ప్రోగ్రాము కూడా బుద్ధిగా ఫైల్లో రాసిన చిరునామాకే వెళ్లింది. ఆ చిరునామాలో ఉన్నది ప్రతి మిషన్లోకీ మాస్టారు కాపీ చేసిన డీటీడీ. చెన్నై వాళ్లు ప్రతి పార్సిల్లోనూ అసలు డీటీడీ ఉన్న సీడీ ఒకటి పెట్టేవారు, అవి కింద నా బల్ల సొరుగులోనే పడి ఉన్నాయి. ఒకటి తీసి, రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి వరస వరసా వేలు పెట్టి చూసుకుంటూ పోయాను. ఒక్క చోట తేడా. బొమ్మ కింద మాట అన్న దాని పక్కన మాస్టారి దాంట్లో ప్రశ్నార్థకం ఉంది. డీటీడీలో ఆ గుర్తు పెడితే, ఉంటే ఉండనీ లేకపోతే పోనీ అని అర్థం.

జావాలో ఒక వెసులుబాటు ఉంది. ఫైలు ఏ చిరునామా చెప్పినా సరే, ప్రోగ్రాముని అటు పోనివ్వకుండా మనం చూపించిన డీటీడీనే చేతిలో పెట్టొచ్చు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. పది వరసలు రాశాను, సీడీలోదే చూడమన్నాను. నా అధ్యాయంలో ఏడు తప్పులు. తర్వాత నెట్‌వర్కులో ఉన్న మొత్తం పుస్తకాల మీద వదిలాను. తప్పులు తెర మీద కింద నుంచి పైకి పాకుతూనే ఉన్నాయి. నవ్వొచ్చింది. చాలా రోజులకి.

అది గురువారం. మొత్తం సరుకు తీసుకోవడానికి చెన్నై నుంచి మనిషి వచ్చేది పది రోజుల తర్వాత.

ఆ రోజే పైకెళ్లి చెప్పుంటే ఏమయ్యేది? మాస్టారు ఆ గుర్తు చడీచప్పుడు లేకుండా తీసేసేవారు. ఫైళ్లు దిద్దించేవారు. పిల్ల తెలివైనదే అని ఒక మాట అనేవారు. నా నంబరు బోర్డు మీద అలాగే ఉండేది. అందుకని నోరు మూసుకున్నాను. పదిహేనో నంబరు పిల్ల రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని కిందికొచ్చి నాతో తినేది. "ఈయాల మూడు సేసేసేనే, అన్నీ సున్నాలే" అనేది. ఆ మూడూ పనికిరానివని నాకు తెలుసు. ఆ పిల్ల తెచ్చిన గోంగూర పచ్చడి కలుపుకుని తిన్నాను.

చెన్నై మనిషి వచ్చాడు, తెలుగొచ్చినవాడే. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన మిషన్లో తనిఖీ నడిపి సున్నాలు చూపిస్తున్నారు. నేను సీడీ పట్టుకుని మెట్లెక్కాను.

"కింద పన్లేదేటమ్మా?" అన్నారు మాస్టారు.

"ఉంది మాస్టారూ. సార్, చెన్నై కంపెనీ పంపిన డిస్కుతోనే మన ఫైళ్లు ఒక్కసారి చూద్దాం" అన్నాను యజమానితో.

"సీడీలు అరిగిపోతాయి సార్, నమ్మకూడదు" అన్నారు మాస్టారు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు. యజమాని ఆయన మొహం చూశాడు, కుర్చీ నాకు ఖాళీ చేయించాడు.

నడిపాను. గదిలో కీబోర్డులన్నీ ఆగిపోయాయి. చెన్నై మనిషి రెండు డీటీడీలూ తెరిపించి, ఆ ప్రశ్నార్థకం మీద పెన్ను పెట్టి, ఇదెవరు పెట్టారు అని అడిగాడు. ఫైలు మార్చిన తేదీ, మార్చిన మిషను తెర మీదే ఉన్నాయి. మాస్టారు మెడ రుద్దుకున్నారు.

"పని ఆగిపోతందని పెట్టేను సార్" అన్నారు చివరికి.

"మరా పిల్లని అబద్ధాలకోరని ఎందుకన్నారు?" అన్నాడు యజమాని.

చెన్నై మనిషి, లేని మాటలు తాము రాసి పంపుతామని, దిద్దడానికి మూడు వారాలు గడువిచ్చాడు. యజమాని నన్ను పిలిచి, తనిఖీ పనంతా ఇక నీదే, ఇంకేం కావాలో అడుగు అన్నాడు. ఎన్ని రాత్రులు అనుకున్న మాటో, తడుముకోకుండా వచ్చేసింది.

"ఆ బోర్డు మాస్టారి చేతే తుడిపించండి సార్."

కింద నుంచి థిన్నరు తెప్పించారు. మాస్టారు చొక్కా చేతులు మడిచి, గుడ్డ ముంచి రుద్దారు. ఒకటి పోయింది, నాలుగు పోవడానికి చాలాసేపు పట్టింది. ఎర్రనీళ్లు మోచేతి దాకా కారి ఇస్త్రీ చొక్కాకి అంటుకున్నాయి. నేను ఎదురుగా నిలబడి ఆఖరి గీత దాకా చూశాను. ఎవరేమనుకుంటే అనుకోండి, నాకు హాయిగా ఉంది.

గుడ్డ పడెయ్యడానికి వెళుతూ నా దగ్గర ఆగి, నాకు మాత్రమే వినబడేలా అడిగారు.

"నీకు ఎన్నాళ్ల కిందట తెలిసిందమ్మా?"

"పది రోజులు" అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయన పదిహేనో నంబరు కుర్చీ వైపు చూశారు. గుడ్డ పట్టుకుని మెట్లు దిగారు.

ఆ చూపు నాకు వారం తర్వాత అర్థమైంది. తప్పులన్నీ దిద్దాలి కాబట్టి అందరి సెలవులూ రద్దు చేశారు. పదిహేను వాళ్లమ్మకి విశాఖపట్నంలో కంటి ఆపరేషను. కూతురు తోడు వెళ్లాల్సింది, పక్కింటావిడ వెళ్లింది. "కట్టు ఇప్పగానే నన్నే ఎతికిందంటే మాయమ్మ" అని నవ్వుతూ చెప్పిందా పిల్ల. ఆ పది రోజుల్లో తను తప్పులతో చేసిన అధ్యాయాలు లేకపోతే దిద్దడంలో తన వంతు ముందే అయిపోయేది, సెలవు దొరికేది. అది తనకి తెలియదు. "నువ్వు బయటెట్టబట్టి సరిపోయిందే, లేపోతే అందరి ఉజ్జోగాలూ పోయేవి" అని నా చెయ్యి పట్టుకుంది.

మాస్టారు ఆ మూడు వారాలూ ఆ పిల్ల పక్కనే, నా పాత కుర్చీలో కూర్చుని బొమ్మల కింద మాటలు టైపు చేశారు. కాగితం చూసే కొట్టారు, వేళ్లు చూడలేదు. ఆఖరి పుస్తకం అయిపోయిన మర్నాటి నుంచి రావడం మానేశారు.

పదిహేను ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటికొస్తుంది, గోంగూర పచ్చడి సీసా పట్టుకుని. మాస్టారు ఒక్క మాట తన చెవిన వేసుంటే రాకపోయేది. మూడు వారాలు మోచేతులు తగిలేంత దగ్గర కూర్చున్నారు, వెయ్యలేదు.

పాస్టరు గారికి ఎర్ర నంబరు సంగతి చెప్పాను. థిన్నరు సంగతీ చెప్పాను. పది రోజుల సంగతి చెప్పలేదు. అబద్ధమాడి నా పేరు చెడగొట్టిన మనిషిని క్షమించడం ఎప్పటికైనా నావల్ల అయ్యేదేమో. నా నిజం తెలిసీ నోరు మూసుకున్న మనిషిని ఎలా క్షమించను?