కడగని రెక్క

జనగామలో మా పక్కింటాయన వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తాను బాగుచేసిన విమానాల చిన్న నమూనాలను రెసిన్ అనే ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో పోతపోసిన ముక్కలు అతికించి చేసేవాడు. ప్రతి ముక్కనూ సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టాకే రంగు డబ్బా తెరిచేవాడు. అచ్చులోంచి అంటుకొచ్చిన జిడ్డు పోకుంటే రంగు పట్టదట. ఎప్పుడు పూర్తవుతుందని అడిగితే, "తొందరేంది సారూ, యుద్ధానికి పోవాల్నా?" అని నవ్వేవాడు.

తెలంగాణ ఉద్యమ రోజుల్లో మహబూబాబాద్ ఊరేగింపుకు పోయిన ఆయన కూతురు సాయంత్రమైనా రాలేదు. అక్కడ లాఠీచార్జి జరిగిందని, ఫోన్ కలవడం లేదని చెబుతూనే కొత్త రెక్కకు రంగు వేస్తున్నాడు. దాన్ని కడగలేదని గమనించాను. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆమె తలకు కట్టుతో వచ్చింది. రెక్క పట్టుకోగానే రంగు పొరలా లేచింది.

"ఏంది బాపూ, కడగనే లేదా?"

"ఊడితే ఊడనీ బిడ్డా. జర నీ తల సూడనియ్యి," అన్నాడాయన.