మూడు వారాలు ఆగని మిషన్

ముప్ఫై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాను. ఎవరు అబద్ధమాడుతున్నారో ముఖం చూసి పట్టేస్తానని నాకు గట్టి నమ్మకం. కిందటి ఎండాకాలం ఆ నమ్మకం ఒక మనిషి కొలువుకే ఎసరు పెట్టబోయింది.

కోదాడలో మా వంటింటి గోడకు ఒక ఆర్వో మిషన్ ఉంది. ట్యాంకు నిండితే అది తనంతట తానే ఆగాలి. లోపల ఫ్లోట్ అని తేలే ముక్క ఒకటి ఉంటుంది. నీళ్లతోపాటు అది పైకి లేచి కరెంటు ఆపేస్తుంది. మా మిషన్ ఉన్నట్టుండి ఆగడం మానేసింది. మా అత్తమ్మ మిషన్ వేసి మధ్యాహ్నం కునుకు తీసేది; నేను బడి నుంచి వచ్చేసరికి నీళ్లు మూతలోంచి పొర్లి, గట్టు మీది పోపుల డబ్బాను తడిపి, కింద మడుగు కట్టేవి. అసలే బోరు అడుగంటి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

సూర్యాపేట సర్వీసు ఆఫీసు నుంచి మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. బండి మీద ఇటు కోదాడ, అటు మిర్యాలగూడ తిరిగి మిషన్లు బాగుచేస్తాడు. మొదటిసారి ఫ్లోట్ మార్చాడు. ట్యాంకు నిండింది, మిషన్ మీది లైటు ఆరింది, చూపించి వెళ్లాడు. రెండు రోజులకు మళ్లీ మడుగు. రెండోసారి వచ్చి లోపలికి వచ్చే నీళ్లను ఆపే వాల్వు మార్చాడు. ఆయన ఉన్నంతసేపూ మిషన్, ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు మా క్లాసులా బుద్ధిగా ఉంది. ఆయన పోయాక షరా మామూలే.

మూడోసారి, మూడో వారంలో వచ్చి, రెండు గంటలు కూర్చున్నాడు. ట్యాంకు వంచాడు, నింపాడు, మళ్లీ వంచాడు. నేనిచ్చిన చాయ్ చల్లారిపోయినా ముట్టలేదు. చివరికి దీంట్లో తనకు తెలిసినంతవరకు ఏ ఖరాబూ లేదన్నాడు. చేతకాక చేతులెత్తేశాడని నేను మనసులో అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ పొర్లింది. ఆఫీసుకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఈ మనిషి పాత సామాను బిగించి కొత్తదని చెబుతున్నాడని, తానున్నప్పుడు పనిచేసి పోగానే చెడుతుందంటే ఇందులో ఏదో మతలబు ఉందని అన్నాను. అక్కడి మేనేజర్ అంతా విని, పొద్దున్నే అతన్ని పిలిచి సామాను అప్పజెప్పి పొమ్మంటానన్నాడు. మీ ఇష్టం అని పెట్టేశాను. మంచి పనే చేశాననుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున అత్తమ్మ పూజలో ఉంది. మా ఇంట్లో వంటిల్లు ఆమెది, బడి నాది. నీళ్లు పట్టుకుందామని మిషన్ వేసి, పొర్లకుండా దగ్గరే నిలబడ్డాను. ట్యాంకు నిండింది, మోత ఆగలేదు. మొదటిసారి నేనే మూత తీసి చూశాను. లోపల వట్టివేర్ల కట్ట. తీసుకోవడానికి వీలుగా దారం పెట్టి ఫ్లోట్ కడ్డీకే ముడివేసి ఉంది. నాని బరువెక్కి ఫ్లోట్‌ను లేవనియ్యకుండా కిందికి గుంజుతోంది. కట్టను చేత్తో ఎత్తాను. ఫ్లోట్ పైకి లేచింది, మోత ఆగింది, లైటు ఆరింది.

అత్తమ్మను అడిగితే ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. మా ఊరు నడిగూడెంలో ఉన్నన్నాళ్లూ ఏటా ఎండాకాలం కుండలో వట్టివేర్లు వేసేది. ఈ మిషన్ నీళ్లకు వాసనా లేదు, రుచీ లేదు. అందుకని ఇందులోనూ వేసింది. మరి మెకానిక్‌కు ఎందుకు కనపడలేదని అడిగాను.

"ఆయన వస్తుండంటే తీసి, ట్యాంకు కడిగి, కట్టను డాబా మీద ఎండేస్తుంటి. మిషన్ల గడ్డేసుకున్నరని నవ్వడా? నీ పరువు పోతది కద బిడ్డా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, ఇక ఆ మెకానిక్ ఎంత? అరమార్కు కోసం పిల్లలను నిలబెట్టే నేను అత్తమ్మను ఒక్క మాట అనలేకపోయాను. ఆమె నా పరువు కాపాడుతుంటే నేను ఇంకొకరి పరువు తీసి కూర్చున్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆఫీసుకు ఫోన్ చేశాను. మెకానిక్ వచ్చే ఉన్నాడని, సామాను లెక్క నడుస్తోందని, తర్వాత మాట్లాడతానని మేనేజర్ పెట్టేశాడు. బడికి సెలవు చెప్పి సూర్యాపేట బస్సెక్కాను. మునగాల దాటుతున్నా బస్సు కదలనట్టే అనిపించింది. మెకానిక్ సామాను అప్పజెప్పి సంతకం పెట్టేసి వెళ్లిపోయి ఉంటే నేనేం చేయాలి? నా మాట వెనక్కి తీసుకున్నా ఆ కొలువు వెనక్కి వస్తుందా? దారంతా ఇదే భయం.

వెళ్లేసరికి ఆయన సామాను సంచి బల్ల మీద ఉంది. మేనేజర్ స్పానర్లు ఒక్కొక్కటే తీసి కాగితంతో సరిచూస్తున్నాడు. మెకానిక్ గోడవారగా నిలబడి ఉన్నాడు. నేను కూర్చోకుండానే చెప్పాను.

"తప్పు ఈయనది కాదు, మా ఇంటిది. నేను మూత తీసి చూడకుండా మాటన్నాను."

వట్టివేర్ల సంగతి అంతా విని మేనేజర్ పడీపడీ నవ్వాడు. స్పానర్లు మళ్లీ సంచిలో వేసి, ఇగ డ్యూటీకి పో అని ఆయన వైపు జరిపాడు. నా గుండెల మీది బండ దిగింది.

మెకానిక్ మాత్రం నవ్వలేదు. సంచి భుజానికి వేసుకుని బయటికి నడిచాడు. వెనకాలే వెళ్లి, క్షమించమని అడిగాను. నాలుగు మాటలు అంటాడని, పడదామని సిద్ధంగానే ఉన్నాను. ఆయన బండి దగ్గర ఆగి, కట్ట తీశాక లైటు ఆరిందా అని అడిగాడు. ఆరిందన్నాను. మీరే చూశారా అన్నాడు. నా కళ్లతో చూశానన్నాను.

ఆయన సంచి బండి మీద పెట్టి, రెండు అరచేతులూ చూసుకున్నాడు.

"కొలువు పోతే ఇంకోటి దొరుకుతది మేడం. మూడు వారాల సంది, నా చేతిల పనితనం పోయిందేమోనని భయమైతుండె."

అని, అప్పుడు నవ్వాడు.