స్వర్ణ పేరు మీద

ఆర్మూరులో బీడీ కార్డు ఒకరి పేరు మీద ఉంటుంది, బీడీలు ఇంటిల్లిపాదీ చుడతారు. స్వర్ణ ఇంట్లోనూ అంతే. కార్డు ఆమెది, చుట్టేది ఆమె, ఆమె తోడికోడలు తార ఇద్దరూ. ఆకు కత్తిరించడంలో స్వర్ణ చెయ్యి చురుకు కాబట్టి ఆమె ఇంట్లో ఉండేది, చుట్టిన బీడీల గంప పట్టుకుని కార్ఖానాకు తార వెళ్లేది. గుమస్తా "స్వర్ణా!" అని కేకేస్తే తార పలికేది. ఇది తప్పు కాదా అని అడిగితే ఊళ్లో అందరూ నవ్వుతారు.

2009లో స్వర్ణ ఇంటర్నెట్ సెంటరులో ఆన్‌లైన్ కంప్యూటర్ కోర్సులో చేరింది. సర్టిఫికెట్ తెస్తే కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో ఆపరేటర్ పనిస్తానన్నాడు సేటు. తంబాకు ఘాటుకు దగ్గి దగ్గి విసిగిన స్వర్ణకు ఆ కుర్చీ మీదే ప్రాణం. ఆకు పని మిగిలిపోయిన రోజున మాత్రం "జర నా పేరు మీద నువ్వు కూసో" అని తారను పంపేది. పాపం, అన్నీ మిగిలిపోయిన రోజులే.

పరీక్షకు స్వర్ణే కూర్చుంది. సగంలో తెర ఆగిపోయింది. కూర్చున్నది స్వర్ణలా లేదు, పరీక్ష చెల్లదు అని వచ్చిందని సెంటరు నడిపే దయాకర్ చదివి చెప్పాడు.

"నేనే స్వర్ణను గదా! దీనికి కండ్లు యాడున్నయ్?" స్వర్ణ తెర వెనక్కి వంగి వెతికింది. వైర్లు తప్ప ఏమీ లేవు.

"కండ్లు లెవ్వక్కా. ఏ పేజీల ఎంతసేపున్నవ్, బటన్లు ఎంత జల్ది కొట్టినవ్, అన్ని రాసుకుంటది. తారక్క ఎక్కువ కూసున్నది గదా, గామెనే స్వర్ణ అనుకున్నది."

"రాసుకోమని ఎవలు జెప్పిండ్రు?"

"మొదటి రోజు 'ఒప్పుకుంటున్న' అని నొక్కినం గదా."

"నొక్కింది నువ్వు! నన్నడిగినవా?"

దయాకర్ మౌసు తుడుస్తూ కూర్చున్నాడు. మళ్లీ మొదటి నుంచి చేరాలట. అప్పటిదాకా సేటు ఆగడు.

దారంతా స్వర్ణకు అయోమయమే. తను తను కాదని చెప్పడానికి ఆ పెట్టె ఎవరు? తనే స్వర్ణనని నిరూపించడం ఎలా? తార మీద కోపం తెచ్చుకుందామంటే, పంపింది తనే.

మర్నాడు పట్టుబట్టి గంప తనే ఎత్తుకుని కార్ఖానాకు వెళ్లింది. గుమస్తా "స్వర్ణా!" అని పిలిచాడు.

"నేనే, నేనే స్వర్ణను" అంటూ లేచింది.

గుమస్తా ఎగాదిగా చూశాడు.

"నువ్వెవలమ్మా? స్వర్ణ రాలేదా?"