వెర్లన్ టిడ్‌వెల్ మోకాళ్ళ సిద్ధాంతం

టాలిసా ఊళ్ళో వెర్లన్ టిడ్‌వెల్‌కి రెండు ఉద్యోగాలు. ఒకటి గడ్డి కోసే మిషన్లు బాగుచెయ్యడం. ఇల్లు గడిచేది దానితోనే. రెండోది కాలేజీ ఫుట్‌బాల్ ఆటల్లో మైదానం అంచున గొలుసు కర్ర పట్టుకోవడం. దానికి జీతం లేదు, ఆట మధ్యలో ఒక శాండ్‌విచ్ పెడతారు. మీరేం చేస్తుంటారని కొత్తవాళ్ళెవరైనా అడిగితే వెర్లన్ రెండోదే చెప్పేవాడు.

అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, పోలేకపోతే బంతి అవతలివాళ్ళకి. ఆ పది గజాలకి సాక్ష్యం రెండు నారింజరంగు కర్రలూ, వాటి మధ్య ఒక గొలుసూ. బంతి ముందుకు జరిగినప్పుడల్లా కర్రలు కూడా జరగాలి. అంతే పని. కానీ అలబామాలో ఇలాంటి ఊళ్ళలో ఆ కర్ర దక్కడమంటే మాటలు కాదు. అది వంశపారంపర్యం. రాజరికాలు పోయాయని బడిలో పాఠం చెబుతారు గానీ, ఆ చెప్పే మేష్టారి కుటుంబానికి కర్ర లేదు కాబట్టి అలా చెబుతాడని వెర్లన్ నమ్మకం.

మామగారు జూన్‌లో కూతుర్నిచ్చాడు, సెప్టెంబరులో కర్రనిచ్చాడు. పెళ్ళి జూన్‌లోనే ఎందుకంటే ఆటల కాలంలో శనివారం ముహూర్తం పెడితే పాస్టరు కూడా రాడు. "నన్నిచ్చినప్పుడు నవ్వుతూ తీసుకున్నాడు, కర్ర ఇచ్చినప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు" అని నెల్డా చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. యాభైమంది పిల్లల్ని అద్దంలోంచే అదుపులో పెట్టిన ఆవిడకి ఒక మొగుడు ఎంత?

పాత కోచ్ ఉన్నన్నాళ్ళూ వెర్లన్ బతుకు హాయిగా సాగింది. ఆ కోచ్‌కి ఒకటే విద్య తెలుసు. బంతి తీసుకో, గుంపులోకి తల దూర్చు, రెండు గజాలు లాక్కో, లే, బట్టలు దులుపుకో, గుండ్రంగా నిలబడి కాసేపు గుసగుసలాడుకో, మళ్ళీ దూర్చు. కర్ర పట్టుకున్నవాళ్ళు అంతలో వాతావరణం గురించీ, చర్చిలో కొత్త కార్పెట్టు గురించీ మాట్లాడుకునేవారు. జట్టు సగం ఆటలు ఓడిపోయేది. అయితేనేం, బంతి మాత్రం ఎక్కువసేపు మనవాళ్ళ దగ్గరే ఉండేది.

ఆ కోచ్‌ని సాగనంపి టెక్సాస్ నుంచి లాసెటర్ అనే కుర్ర కోచ్‌ని తెచ్చారు. అతని జట్టు గుసగుసలాడదు. ఒక ప్రయత్నం ముగిసీ ముగియకముందే గీత మీద నిలబడి రెండోది మొదలుపెట్టేస్తుంది. అవతలివాళ్ళు ఊపిరి పీల్చుకునేలోపు పాతిక గజాలు, ఇంకో ఊపిరికి ఆఖరి గీత దాటి టచ్‌డౌన్. ఊరు ఊగిపోయింది. గొలుసు జట్టు మాత్రం పరుగెత్తింది. అరవయ్యారేళ్ళ వెర్లన్ కూడా పరుగెత్తాడు. మొదటి ఆట అయ్యాక ఇంటి మెట్లు ఎక్కలేక వెనక్కి తిరిగి కూర్చుని ఒక్కొక్కటే పాకాడు.

పరుగెత్తలేని మనిషికి కర్ర ఉండదు. అడగకుండానే తీసేసుకుంటారు. కర్ర లేకపోతే శనివారం తానెవరో వెర్లన్‌కి తెలియదు. ఆ భయం నోట్లోంచి ఎలా వస్తుంది? రాదు. అందుకని సిద్ధాంతం వచ్చింది.

"ఆట గెలవాలంటే బంతి మన చేతిలో ఎక్కువసేపు ఉండాలి" అని కేఫ్‌లో బిస్కెట్టూ గ్రేవీ టిఫిన్ ముందు పెట్టుకుని ప్రకటించాడు. "మనవాళ్ళు గబగబా కొట్టేసి వచ్చి కూర్చుంటున్నారు. పాపం అవతలివాళ్ళని ఆపే డిఫెన్స్ పిల్లలు మళ్ళీ లేచి పోవాలి. నవంబరు నాటికి వాళ్ళ కాళ్ళు ఉంటాయా?"

"ఎవరి కాళ్ళు?" అన్నాడు డ్యూయీ హార్గెట్. ఊళ్ళో ఉత్తరాలు పంచి రిటైరైనవాడు. ఎవరింటికి ఏం వస్తుందో తెలిసినవాడు.

"డిఫెన్స్ పిల్లల కాళ్ళు. సరిగ్గా విను."

"వింటున్నా. మూడాటలూ గెలిచాం కదరా, అది అడుగుతున్నా."

"గెలుపు కాదు నేను చెప్పేది. పద్ధతి."

ఇంట్లో ఇంకా కష్టమైంది. పేపరు చూపించి, ఎక్కువసేపు బంతి పట్టుకున్నవాళ్ళే ఎక్కువ ఆటలు గెలుస్తారని నిరూపించబోయాడు. నెల్డా చిక్కుడుగింజలు ఒలుస్తూనే వింది.

"ముందున్న జట్టు ఆఖర్లో ఏం చేస్తుంది?" అని అడిగింది.

"బంతి పట్టుకుని టైము గడిపేస్తుంది."

"అంటే గెలుస్తున్నారు కాబట్టి పట్టుకు కూర్చున్నారు. నువ్వేమో పట్టుకు కూర్చున్నారు కాబట్టి గెలిచారంటావు. బ్యాంకు ఓనరు పదింటిదాకా పడుకుంటాడు. నువ్వూ పడుకో, చూద్దాం ఎంత వస్తుందో."

"నీకు ఆట తెలీదు, నెల్డా."

"నాకు మోకాళ్ళు తెలుసు. ఐస్ సంచి మార్చనా?"

వెర్లన్ లేచి షెడ్డులోకి పోయాడు. అక్కడ గడ్డి మిషన్లు ఎదురు వాదించవు.

సోమవారాలు జట్టు అభిమానుల సంఘం భోజనం ఉంటుంది. వేయించిన కోడి తిని, కోచ్‌ని నిలబెట్టి ప్రశ్నలు వెయ్యడం అక్కడి మర్యాద. వెర్లన్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"కోచ్, నాకొకటి చెప్పండి. మొన్న బంతి మన దగ్గర మూడోవంతు టైము కూడా లేదు. దీనికి మీ సమాధానమేంటి?"

"మిస్టర్ వెర్లన్, మొన్న మనం ఎన్ని పాయింట్లు కొట్టామండీ?"

"నలభై ఐదు."

"బంతి పట్టుకున్నందుకు ఎన్ని పాయింట్లిస్తారండీ?"

హాలంతా నవ్వింది. గొలుసు జట్టు పెద్ద రేఫర్డ్ కింబ్రెల్ మాత్రం నవ్వలేదు. మందుల షాపు నడిపే మనిషి; వెర్లన్ ఏ నొప్పిబిళ్ళలు ఎంత తరచుగా కొంటున్నాడో అతనికి తెలుసు. వెర్లన్ ఆ నవ్వని ముఖం చూసి, నవ్విన నూరు ముఖాలకన్నా ఎక్కువ భయపడ్డాడు. భోజనం వదిలేసి ఇంటికొచ్చాడు.

అక్టోబరు చివర మార్లో కాలేజీతో ఆట. మార్లో అంటే టాలిసా వాళ్ళకి పక్క ఊరు కాదు, పక్కలో బల్లెం. ఆఖరిదైన నాలుగో భాగంలో టాలిసా నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి మనవాళ్ళ చేతికొచ్చింది. లాసెటర్ కుర్రాళ్ళు దడదడలాడిస్తున్నారు. మార్లో డిఫెన్స్ వాళ్ళు నడుం మీద చేతులు పెట్టుకుని, నోళ్ళు తెరిచి, ఎవరైనా వచ్చి మమ్మల్ని తీసుకుపోండిరా అన్నట్టు నిలబడ్డారు. ఇంకో రెండు ప్రయత్నాలు ఇలాగే సాగితే వాళ్ళు కూలబడేవారు. టాలిసాలో పసిపిల్లకి కూడా అది కనిపిస్తోంది.

అప్పుడు అంచు గీత వెంబడి మనవాళ్ళు బంతిని దూరంగా విసిరి పట్టుకున్నారు. ముప్పై గజాలు. ముందు కర్రవాడు లగెత్తాడు. వెర్లన్ కూడా లగెత్తాడు, మనసుతో. మోకాలు ఒప్పుకోలేదు. గొలుసు బిగిసింది, కాలికి చుట్టుకుంది. వెర్లన్ కర్రతో సహా మైదానంలోకి బోర్లా పడ్డాడు.

రిఫరీ విజిల్ ఊది గడియారం ఆపాడు. గొలుసు జట్టు నిలబడేది బయటినుంచి ఆడ్డానికి వచ్చిన జట్టు వైపు కాబట్టి, ముందుగా పరుగెత్తుకొచ్చింది మార్లో వైద్యులే. మోకాలు తడిమారు, వంచారు, కట్టు కట్టారు. చాలా శ్రద్ధగా చేశారు. అంత శ్రద్ధ సొంత డాక్టరు కూడా ఎప్పుడూ చూపించలేదు. అవతల మార్లో కుర్రాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తాగారు, ముఖాలు కడుక్కున్నారు, తమ కోచ్ చెప్పింది విన్నారు. వెర్లన్‌ని బండి మీద తోసుకుపోతుంటే వాళ్ళలో కొండలాంటి కుర్రాడొకడు వంగి, "థాంక్యూ, తాతా" అన్నాడు. ఆ కుర్రాడు మనస్ఫూర్తిగానే అన్నాడు.

తర్వాతి నాలుగు ప్రయత్నాల్లో టాలిసా గజం కూడా కదల్లేదు. ఓడిపోయింది.

మర్నాడు చర్చి అయ్యాక రేఫర్డ్ వచ్చాడు. చేతిలో నెల్డాకి పీచ్ కేకు. చావు ఇళ్ళకి తెచ్చే రకం.

"మోకాలు నయమయ్యేదాకా నా అల్లుడు పట్టుకుంటాడు" అన్నాడు.

"నయమయ్యేదాకా" అన్నాడు వెర్లన్.

"అవును. అప్పటిదాకానే."

"నాకు అల్లుడు లేడు, రేఫర్డ్. ఉంటే నీకు కేకు ఖర్చుండేది కాదు."

రేఫర్డ్ టోపీ చేతిలో తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. వెర్లన్‌కి ఏడుపొచ్చింది. ఎవరూ చూడలేదనుకుని ఏడ్చాడు. నెల్డా వంటింట్లోంచి చూసి, ఐస్ సంచి మార్చి తెచ్చింది.

సోమవారం చేతికర్ర పొడుచుకుంటూ కేఫ్‌కి వెళ్ళాడు. తిడతారని సిద్ధపడే వెళ్ళాడు. లోపలికి అడుగు పెట్టగానే జనం లేచి నిలబడి కుర్చీ జరిపారు.

"నువ్వు చెప్పావురా" అన్నాడు డ్యూయీ. "మేం వినలేదు. బంతి మన దగ్గర మూడోవంతు టైము కూడా లేదు. ఓడామా లేదా?"

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే కదా వెర్లన్ ఊరి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తీరా వచ్చేసరికి కాఫీ సగంలో ఆపాడు. కప్పు కింద పెట్టాడు.

"అది కాదురా. బంతికీ టైముకీ ఏం సంబంధం లేదు. నా మోకాళ్ళు పోయాయి. అది చెప్పుకోలేక ఆ సోదంతా చెప్పాను. వాళ్ళు ఆయాసంతో పడిపోతుంటే నేను పడి వాళ్ళకి ఊపిరిచ్చాను. నా వల్ల ఓడాం."

వెర్లన్ బతుకులో అంత సూటిగా మాట్లాడింది అదే మొదటిసారి.

"చూశారా, ఎంత పెద్దమనసో" అన్నాడు డ్యూయీ. "ఆ కుర్ర కోచ్‌ని కాపాడ్డానికి తన మీద వేసుకుంటున్నాడు."

"డ్యూయీ, నేను నిజం చెబుతున్నా."

"నువ్వూరుకో. నీకు ఒంట్లో బాలేదు. నువ్వు సెప్టెంబరులో చెప్పిందే నిజం."

సెప్టెంబరులో నవ్విన ప్రతివాడూ ఇప్పుడు వెర్లన్‌కి వెర్లన్ సిద్ధాంతం నేర్పించడం మొదలుపెట్టాడు. డిఫెన్స్ పిల్లల కాళ్ళ గురించి ఒకాయన కళ్ళు చెమర్చేలా చెప్పాడు. ముసలాడి మోకాలి వల్ల ఓడామంటే ఊరికి నామోషీ. టెక్సాస్ వాడి వల్ల ఓడామంటే ఆ పూటకి టిఫిన్ సుఖంగా దిగుతుంది. ఆ మధ్యాహ్నమే అభిమానుల సంఘం కోచ్‌ని కూర్చోబెట్టుకుంది. పెద్దపెద్ద వాళ్ళు మాట్లాడారు. ఈ సత్యం కోసం తన మోకాలే ధారపోసిన మనిషి మన మధ్య ఉన్నాడన్నారు. కోచ్‌కి ఇద్దరు పిల్లలు, కొత్తగా కొన్న ఇల్లు. అతను పాత పద్ధతికే తల ఊపాడు.

ఆ శనివారం వెర్లన్ జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని గ్యాలరీ మెట్ల మీద నెల్డా పక్కన కూర్చున్నాడు. ఒంటి మీద జట్టు రంగు ఎర్ర చొక్కా నెల్డా కొన్నది, మెడ దగ్గర ఇంకా గుచ్చుకుంటోంది.

టాలిసా బంతి తీసుకుంది. గుంపులోకి తల దూర్చింది. రెండు గజాలు. లేచారు, దులుపుకున్నారు, గుండ్రంగా నిలబడి గుసగుసలాడుకున్నారు. మళ్ళీ దూర్చారు. మధ్యాహ్నమంతా అదే తంతు. అవతలివాళ్ళు దొరికిన కాస్త టైములోనే రెండుసార్లు గబగబా కొట్టేసి పోయారు. ఆట ముగిసేసరికి టాలిసాకి ఆరు పాయింట్లు, వాళ్ళకి పద్నాలుగు.

ముందు వరసలోంచి డ్యూయీ వెనక్కి తిరిగాడు. "అరవైలో నలభై నిమిషాలురా వెర్లన్, నలభై నిమిషాలు బంతి మనదే. నువ్వు చెప్పినట్టే."

వెర్లన్ వినలేదు. మైదానం అవతలి అంచున రేఫర్డ్ అల్లుడు కర్ర పట్టుకుని పోతున్నాడు. మధ్యాహ్నమంతా ఆ కుర్రాడు ఒక్క అడుగు కూడా పరుగెత్తలేదు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, చూయింగ్‌గమ్ నములుతూ, పక్కవాడితో కబుర్లాడుతూ నడిచాడు.

"నెల్డా" అన్నాడు వెర్లన్, "ఈ నడకైతే నేనూ నడిచేవాణ్ణి."

"నడిచేవాడివే" అంది నెల్డా.